వైఫై గీతలు నిండుగా ఉన్నా ఇంటర్నెట్ రాకపోతే: ఫోనును రీసెట్ చేసే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

మీరు వివరించిన సమస్య క్లుప్తంగా ఇది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు, హాలులో ఫైబర్ కనెక్షన్ రౌటరు, ఇంట్లో మిగతా ఫోన్లన్నీ బాగానే పనిచేస్తున్నాయి. మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన ఆండ్రాయిడ్ ఫోను మాత్రం పడకగదిలో సిగ్నల్ గీతలు దాదాపు నిండుగా చూపిస్తూనే 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అంటోంది. కొన్ని రోజులు ఆ గదిలో మీ వైఫై పేరే జాబితాలో కనబడదు, హాలులోకి వస్తే మళ్ళీ కనబడుతుంది. రౌటరును ఆపి మళ్ళీ వేస్తే కొంతకాలం సర్దుకుంటుంది. దానిలో సిమ్ వేయలేదు, ఇంట్లో వైఫై మీదనే వాడుతున్నారు. మొబైల్ షాపువారు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలని, అప్పటికీ కుదరకపోతే సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ చేయాలని, అంటే ఫోను సాఫ్ట్‌వేరును మొత్తం తిరిగి ఎక్కించాలని చెప్పారు, చేయించమంటారా అని అడిగారు.

ఇప్పుడే చేయించవద్దు. ఫ్యాక్టరీ రీసెట్ వల్ల ఫోటోలు, బ్యాంకు యాప్‌లు, లాగిన్లు పోవడం ఒక నష్టమైతే, అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, దాని తరువాత ఫోను బాగుపడినా ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలియదు, మళ్ళీ పాడైనప్పుడు మళ్ళీ అదే పని చేయవలసి వస్తుంది. మీరు రాసిన వివరాల్లోనే రెండు మంచి ఆధారాలున్నాయి. పేరు కనబడకపోవడం ఒక లోపం, కనెక్ట్ అయ్యాక ఇంటర్నెట్ రాకపోవడం మరొక లోపం. ఇవి రెండూ ఒకే ఫోనులో వస్తున్నాయి కనుక ఒకే కారణం ఉండాలన్న నియమమేమీ లేదు. వీటిని విడివిడిగా చూడాలి.

ముందుగా పేరు మాయమయ్యే సంగతి తీసుకుందాం, ఎందుకంటే అమెరికా ఫోను అన్నప్పుడు నాకు మొదట తట్టేది ఇదే. ఇళ్ళలోని వైఫై సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద, అంటే రెండు రేడియో తరంగాల శ్రేణుల మీద నడుస్తుంది, ఒక్కో బ్యాండులో ఛానెళ్ళనే ముక్కలుంటాయి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1 నుంచి 13 వరకు ఛానెళ్ళు వాడుకోవచ్చు. అమెరికాలో వాడుకలో ఉన్నవి 11 మాత్రమే. రౌటరులో ఛానెల్ ఎంపిక 'ఆటో' అని ఉంటే, అది వెలిగిన ప్రతిసారీ చుట్టుపక్కల రద్దీని చూసి తనకు నచ్చిన ఛానెలును ఎంచుకుంటుంది. కొన్ని రౌటర్లు ఆ ఎంపికలో 12, 13 ఛానెళ్ళను కూడా తీసుకుంటాయి. అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ కింది ఛానెళ్ళ మీద కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఖాళీగా కనబడే 13 మీదికి వెళ్ళడం వింతేమీ కాదు. సాధారణంగా ఫోను తాను ఏ దేశంలో ఉందో మొబైల్ నెట్‌వర్కును బట్టి తెలుసుకుని ఛానెళ్ళను సర్దుకుంటుంది. సిమ్ లేకుండా కేవలం వైఫై మీద నడిచే ఫోన్లలో కొన్ని తాము అమ్ముడైన దేశపు నియమాన్నే పట్టుకుని ఉంటాయి, అప్పుడు 12, 13 ఛానెళ్ళ మీద ఉన్న రౌటరు వాటికి లేనట్టే లెక్క. మరి హాలులో ఎలా కనబడుతోంది అంటే, మీ రౌటరు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని ఉంటుంది. హాలులో 5 గిగాహెర్ట్జ్ అందుతుంది, గోడలు దాటి పడకగదికి చేరేసరికి అది నీరసించిపోతుంది, అక్కడ మిగిలేది 2.4 ఒక్కటే, దాని ఛానెలేమో ఫోనుకు కనబడదు. రౌటరు ఆపి మళ్ళీ వేసినప్పుడు కొత్త ఛానెల్ పడుతుంది, అది 11 లోపు అయితే సమస్య తీరినట్టు అనిపిస్తుంది.

దీనిని రుజువు చేసుకోవడం తేలిక. పేరు కనబడని సమయంలో ఇంట్లోని మరొక ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై అనలైజర్ రకం యాప్ ఒకటి తెరిచి, మీ రౌటరు ఏ ఛానెల్ మీద ఉందో చూడండి. 12 లేదా 13 అని ఉంటే విచారణ అక్కడితో ముగిసింది. అమెరికా ఫోనులో మన సిమ్ ఒకటి వేసి, ఫోనును ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడడం కూడా మంచి పరీక్షే. శాశ్వత పరిష్కారం మాత్రం రౌటరులో ఉంది: 2.4 గిగాహెర్ట్జ్ ఛానెలును 'ఆటో' నుంచి తీసి 1, 6, 11లలో ఏదో ఒకదానికి కట్టివేయండి, ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ మీద ఉంచండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు ఆ మూడే. '3 ఖాళీగా ఉంది' అని 3 పెట్టేవారు అటు 1 వారితోనూ ఇటు 6 వారితోనూ గొడవ కొనితెచ్చుకుంటారు. 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే వేగం పెరుగుతుందని కొందరు ఇన్‌స్టాలేషన్ కుర్రాళ్ళు అలా పెట్టి వెళ్తుంటారు, అపార్ట్‌మెంటులో అది ఎవరికీ మేలు చేయదు.

ఇదే కోవలో 5 గిగాహెర్ట్జ్ గురించి ఒక మాట. 2018లో మన ప్రభుత్వం ఈ బ్యాండులో చాలా భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచింది. అందులో 52 నుంచి 144 వరకున్న ఛానెళ్ళు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునేవి, కనుక వాటిలో ఒకదాన్ని ఎంచుకున్న చాలా రౌటర్లు ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా వింటాయి, మధ్యలో రాడార్ ఉన్నట్టు అనుమానం వచ్చినా ఛానెల్ వదిలి వెళ్ళిపోతాయి. రౌటరు వెలిగిన వెంటనే 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడలేదని ఫోనును తిట్టుకోనక్కరలేదు. 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు ఛానెల్ పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

ఇక రెండవది, అందరూ ఎక్కువగా తికమకపడేది: గీతలు నిండుగా ఉండి ఇంటర్నెట్ రాకపోవడం. మీ ఫోను నుంచి ఒక వెబ్ పేజీ దాకా దారిలో నాలుగు మజిలీలున్నాయి. ఫోనుకూ రౌటరుకూ మధ్య రేడియో సంబంధం, రౌటరు ఫోనుకు ఇచ్చే ఐపీ అడ్రస్ అనే అంకెల చిరునామా, రౌటరు నుంచి ఇంటర్నెట్ కంపెనీ దాకా ఫైబర్, వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్. ఆ గీతలు చెప్పేది మొదటి మజిలీ గురించే, అది కూడా సగమే. రౌటరు మాట ఫోనుకు ఎంత గట్టిగా వినబడుతోందో గీతలు చెబుతాయి, ఫోను మాట రౌటరుకు వినబడుతోందో లేదో చెప్పవు. గోడకు తగిలించి కరెంటు మీద నడిచే రౌటరు ప్రసార శక్తి సాధారణంగా ఎక్కువ, బ్యాటరీ మీద నడిచే ఫోనుది తక్కువ. అందువల్ల పడకగదిలో మూడు గీతలు కనబడుతూనే ఫోను పంపినది రౌటరుకు చేరక, అంతా నిలిచిపోయినట్టుండడం సహజంగా జరిగేదే.

ఏ మజిలీలో ఆగిపోయిందో కనిపెట్టడానికి నేను మొదట చేసే పరీక్షకు ఏ యాప్ అక్కరలేదు. 'ఇంటర్నెట్ లేదు' అని చూపిస్తున్న సమయంలోనే, మొబైల్ డేటా ఆపి, వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గేర్ గుర్తును నొక్కండి. వచ్చే పేజీలో కిందికి జరిపితే ఐపీ అడ్రస్, గేట్‌వే (రౌటరు చిరునామా) అని రెండు వరుసలు కనబడతాయి. గేట్‌వే దగ్గర 192.168.1.1 లేదా 192.168.0.1 వంటి అంకెలుంటాయి, కొన్ని కంపెనీల రౌటర్లలో 192.168.29.1 ఉంటుంది. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు బ్రౌజరులో పైన టైపు చేసి తెరవండి. రౌటరు లాగిన్ పేజీ చటుక్కున వస్తే, లాగిన్ కానక్కరలేదు, పేజీ రావడమే సమాధానం: రేడియో బాగుంది, ఐపీ అడ్రస్ బాగుంది, లోపం ఆ తరువాతే ఉంది. పేజీ రాకపోతే, లేదా అర నిమిషం ఈడ్చి సగం వచ్చి ఆగిపోతే, లోపం ఫోనుకూ రౌటరుకూ మధ్యనే ఉంది, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడం వృథా.

పేజీ వచ్చింది, అదే నిమిషంలో ఇంట్లో ఇతర ఫోన్లలో ఇంటర్నెట్ కూడా వస్తోంది అనుకుందాం. అప్పుడు అనుమానం ఫోనులోని కొన్ని సెట్టింగ్స్ మీదికే వెళ్తుంది. అన్నిటికంటే ముందు ప్రైవేట్ డీఎన్ఎస్, అంటే ఫోను ఏ డీఎన్ఎస్ సర్వరును అడగాలో చెప్పే సెట్టింగ్ చూడండి. ఇది ఆండ్రాయిడ్ 9తో, అంటే 2018లో వచ్చింది. ప్రకటనలు రాకుండా ఉంటాయని ఎవరో చెబితే అక్కడ ఏదో సర్వరు పేరు పెట్టి తరువాత మరచిపోయినవారు చాలామంది. ఆ సర్వరు స్పందించకపోయినా, రౌటరు ఆ దారిని అడ్డుకున్నా ఫోనుకు ఒక్క పేరు కూడా తెలియదు, కనుక ఇంటర్నెట్ లేనట్టే ఉంటుంది. దానిని 'ఆటోమేటిక్' చేయండి. తరువాత వీపీఎన్ యాప్ (ఫోను ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వరు ద్వారా మళ్ళించేది) ఏదైనా ఎల్లప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టి ఉందేమో చూసి తీసివేయండి. తేదీ, సమయం సరిగా ఉన్నాయా అన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, సిమ్ లేని ఫోను బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్ళీ వెలిగినప్పుడు తేదీ పాతది చూపడం అరుదు కాదు, తేదీ తప్పైతే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నీ చెల్లనివిగా కనబడి పేజీలు తెరుచుకోవు. అసలు ఆ 'ఇంటర్నెట్ లేదు' అన్న మాటను ఆండ్రాయిడ్ ఎలా అంటుందంటే, కనెక్ట్ కాగానే అది గూగుల్ చిరునామా ఒకదానికి చిన్న కబురు పంపి 204 అన్న కోడుతో ఖాళీ జవాబు వస్తుందేమో చూస్తుంది. ఆ ఒక్క జవాబు రాకపోతే మిగతా అంతా నడుస్తున్నా ఆ హెచ్చరిక చూపవచ్చు. కాబట్టి ఆ మాట చూసి ఆగిపోకుండా ఒక వెబ్‌సైటు నిజంగా తెరిచి చూడండి.

సికింద్రాబాద్ స్టేషనులో రైల్‌వైర్ వైఫై వంటి వాటికి కనెక్ట్ అయినప్పుడు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ రాకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే ప్రైవేట్ డీఎన్ఎస్, వీపీఎన్ కారణమవుతాయి. మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా, ఎలాగూ ఆ సెట్టింగ్ దాకా వెళ్ళారు కనుక చెబుతున్నాను.

రౌటరే ఈ ఒక్క ఫోనును అడ్డుకునే సందర్భం కూడా ఉంది. ప్రతి ఫోను వైఫై చిప్‌కు మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోను తన అసలు గుర్తింపును దాచి ప్రతి నెట్‌వర్కుకూ ఒక కల్పిత గుర్తింపును చూపిస్తుంది. పిల్లల ఫోన్ల కోసం గానీ, పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని గానీ ఎవరైనా రౌటరులో మ్యాక్ ఫిల్టర్, అంటే జాబితాలో ఉన్న ఫోన్లనే రానిచ్చే ఏర్పాటు పెట్టి ఉంటే, జాబితాలో అసలు గుర్తింపు ఉంటుంది, ఫోను కల్పితమైనది చూపుతుంది, రౌటరు తలుపు తీయదు. ఫోను ఏది చూపుతోందో ఇలా గుర్తుపట్టవచ్చు: నెట్‌వర్క్ వివరాల పేజీలో మ్యాక్ అడ్రస్ మొదటి జంటలో రెండవ అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది కల్పితమే. అదే పేజీలో ప్రైవసీ అన్న చోట 'డివైజ్ మ్యాక్' ఎంచుకుంటే అసలుది వాడుతుంది. ఇంటి వైఫైకి అలా పెట్టుకోవడంలో నష్టం లేదు, బయటి వైఫైలకు మాత్రం కల్పితమే ఉండనివ్వండి. ఇక్కడే ఫ్యాక్టరీ రీసెట్ చేసే మాయ కూడా తెలుస్తుంది. రీసెట్ అయ్యాక ఫోను కొత్త కల్పిత గుర్తింపుతో వస్తుంది, రౌటరు దానిని కొత్త ఫోనుగా చూసి తాజాగా ఐపీ అడ్రస్ ఇస్తుంది, షాపువారు 'సాఫ్ట్‌వేర్ లోపమే, చూశారా' అంటారు. నిజానికి అక్కడ నయమైనది రౌటరు జ్ఞాపకం.

గేట్‌వే పేజీ రాకపోతే ఏం చేయాలి? ముందు ఐపీ అడ్రస్ వరుస చూడండి. కనెక్ట్ అవుతూ 'ఐపీ అడ్రస్ పొందుతోంది' దగ్గరే ఆగుతుంటే, లేదా ఐఫోనులో 169.254తో మొదలయ్యే అంకెలు కనబడితే, రౌటరు చిరునామా ఇవ్వలేదన్నమాట. టీవీ, సీసీ కెమెరాలు, ఏసీ, పిల్లల ట్యాబులు, వచ్చిపోయిన చుట్టాల ఫోన్లు అన్నీ చిరునామాలు పట్టుకుని ఉంటాయి. కంపెనీవారు రౌటరులో ఆ శ్రేణిని చాలా ఇరుకుగా పెట్టి ఉంటే చివర వచ్చినవారికి మిగలదు. రౌటరు ఆపి మళ్ళీ వేస్తే సర్దుకోవడానికి ఇది రెండవ కారణం. దీనికి విరుగుడు, రౌటరులో డీహెచ్‌సీపీ శ్రేణిని, అంటే అది తనంతట తాను పంచే చిరునామాల సంఖ్యను పెంచడం. ఫోనులో ఎవరైనా ఎప్పుడో స్టాటిక్ ఐపీ (చేత్తో రాసి పెట్టిన స్థిర చిరునామా) పెట్టి వదిలేశారేమో కూడా చూడండి, ఐపీ సెట్టింగ్స్ 'డీహెచ్‌సీపీ' అని ఉండాలి.

ఐపీ అడ్రస్ సరిగానే ఉండి పేజీ ఈడుస్తుంటే అది రేడియో సమస్య. ఇక్కడ గీతలను వదిలేసి అంకెలు చూడండి. ఇందాకటి అనలైజర్ యాప్ సిగ్నలును మైనస్ అంకెల్లో, డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగుంది, మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలుస్తుంది, మైనస్ 80 దగ్గర కనెక్షన్ ఉన్నా లేనట్టే. పడకగదిలో మీరు ఫోను పట్టుకుని పడుకునే చోటే కొలవండి, గుమ్మం దగ్గర కాదు. మధ్యలో ఆర్‌సీసీ గోడ, నిలువుటద్దమున్న బీరువా, ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము వంటివి ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది. రౌటరును టీవీ వెనుక నుంచి తీసి అల్మారా పైన, బయట గాలిలో పెట్టడం వల్ల వచ్చే తేడా చాలామంది నమ్మరు, కొలిచి చూస్తే నమ్ముతారు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది, వంటగది మధ్యలో ఉంటే అది నడుస్తున్నంతసేపూ ఆటంకమే.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉండడం మరొక చిక్కు. హాలులో 5 గిగాహెర్ట్జ్ పట్టుకున్న ఫోను పడకగదికి వచ్చినా దానినే వదలకుండా వేలాడుతుంది. రౌటరులో రెండింటికీ వేరు పేర్లు పెట్టి, ఈ ఫోనును పడకగదిలో 2.4కు మాత్రమే కలపండి. రౌటరులో వైఫై భద్రతా పద్ధతి దగ్గర 'డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిశ్రమం' అని ఉంటే, కొన్ని ఫోన్లు దానితో సరిగా కుదురుకోవు. పరీక్ష కోసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెట్టి చూడండి. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలవద్దు.

వీటిలో ఏది మార్చినా ఒక్కొక్కటే మార్చి, ఒక పూట వాడి చూసి, ఆ తరువాతే రెండవది ముట్టుకోండి. ఏదీ పనిచేయకపోతే అప్పుడు నెట్‌వర్క్ రీసెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ కింద రీసెట్ ఆప్షన్లలో వైఫై, మొబైల్, బ్లూటూత్ రీసెట్ అన్న పేరుతో ఉంటుంది. ఫోటోలు, యాప్‌లు చెక్కుచెదరవు. సేవ్ అయిన వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు మాత్రం పోతాయి, కనుక ముందే రాసి పెట్టుకోండి.

ఫోను హార్డ్‌వేర్ మీద అనుమానం ఎప్పుడు రావాలంటే: మరొక ఫోను హాట్‌స్పాట్‌కు కనెక్ట్ చేసి పక్కనే పెట్టినా తెగిపోతుంటే, వైఫై బటన్ ఆన్ చేసినా తనంతట తాను ఆఫ్ అయిపోతుంటే, లేదా అదే చోట పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో, ఒకే బ్యాండు మీద, మీ ఫోను ఎప్పుడూ సిగ్నలును 15, 20 డీబీ బలహీనంగా చూపుతుంటే. ఐదారు తేడా పట్టించుకోనక్కరలేదు. లోహపు కవరు, మాగ్నెట్ కవరు ఉంటే తీసి కొలవండి. ఫోను కింద పడ్డాక గానీ, వెనుక ప్యానెల్ మార్పించాక గానీ ఇది మొదలైతే యాంటెన్నా కనెక్షన్ సరిగా తగలడం లేదని అర్థం, దానిని ఏ ఫ్లాషూ బాగుచేయదు. అమెరికాలో కొన్న ఫోనుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటరులో సీరియల్ నంబరు చెప్పి ముందే అడగండి.

మీ వివరాలను బట్టి నా అంచనా ఛానెల్ 12, 13 మీదనే ఎక్కువగా ఉంది, దాని తరువాత ఐపీ శ్రేణి. రెండూ రౌటరులోనివే. రౌటరు లాగిన్ వివరాలు సాధారణంగా దాని అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. కంపెనీవారు మార్చి ఉంటే కస్టమర్ కేరుకు ఫోన్ చేయండి, అయితే 'నెట్ రావడం లేదు' అని ఫిర్యాదు రాయించవద్దు. అలా రాయిస్తే వారు ఫైబర్ లైను చూసి, లైను బాగుందని ఫిర్యాదు మూసివేస్తారు. '2.4 గిగాహెర్ట్జ్ ఛానెలును 6కు, వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు మార్చాలి, రెండు బ్యాండ్లకు వేరు పేర్లు పెట్టాలి, డీహెచ్‌సీపీ శ్రేణి పెంచాలి' అని ఇదే మాటల్లో రాయించండి. చాలావరకు ఇంటికి రాకుండా అక్కడి నుంచే మార్చగలరు. మార్చాక పడకగదిలో ఛానెల్ అంకె, డీబీఎం అంకె, గేట్‌వే పేజీ వచ్చిందో లేదో, ఈ మూడూ నాకు రాసి పంపితే మిగిలినది చూద్దాం.